కంప్యూటరు కూర్చుకోబోయే మిత్రులకు

పగలు పనికీ రాత్రి ఆటకీ పనికొచ్చే పెద్ద కంప్యూటరు స్వయంగా కూర్చుకోవాలని మన విద్యార్థి మిత్రుల్లో చాలామందికి సరదా. సలహా అడిగినవారితో నేను మొదట అనేది ఒకటే: "భాగాల పేర్లు తరవాత, ముందు నీ పనేమిటో చెప్పవోయ్!"

ప్రాసెసరు సంగతే చూడండి. 2024లో వచ్చిన రైజెన్ 9 9950ఎక్స్‌లో 16 కోర్లున్నాయి. త్రీడీ బొమ్మలు రెండరు చేసేవారికి అన్నీ అక్కరకొస్తాయి. ఆటలకు అన్ని కోర్లెందుకు? అదే ఏడాది వచ్చిన 9800ఎక్స్3డీకి ఉన్నవి 8 కోర్లే. అయినా 96 మెగాబైట్ల క్యాష్ ఉండటంవల్ల చాలా ఆటల్లో అదే ముందుంటుంది. రెండూ కావాలంటే 2025లో వచ్చిన 9950ఎక్స్3డీ ఉంది. ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది.

మెమరీ నాలుగు బద్దలుగా కాక రెండుగా కొనడం మేలు. ఈ ప్రాసెసర్లలో రెంటికి 5600 వేగం చెప్పిన తయారీదారే నాలుగింటికి 3600 అన్నాడు.

ఇక మనవాళ్లు మిగిలిన చిల్లరతో కొనేది పవర్ సప్లై. ఆర్‌టీఎక్స్ 5090 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 575 వాట్లు తాగుతుంది. దానికి 1000 వాట్ల సప్లై ఉండాలని కంపెనీవారే చెప్పారు. అది నాసిరకమైతే తక్కిన ఖరీదైన సరుకంతా ప్రమాదంలో పడుతుంది.

ఖర్చయ్యేది చాలావరకు నాన్నగారి కష్టార్జితం. అంగడివాడు చూపించిన పెద్ద అంకెకు కాదు, మన పనికి సరిపడేదానికి డబ్బు పెడదాం.