మధ్యాహ్నపు నీడకు ఒక మార్కు

పిల్లల పరీక్షలు ముగిసిన నాడు పెద్దల పరీక్షలు మొదలవుతాయని ఎవరన్నారో గాని, అన్నవారు తప్పకుండా మా వీధిలో కాపురం చేసినవారై వుండాలి.

మాది కాకినాడ. నేను కాలేజీలో తెలుగు చెబుతాను. మా అమ్మాయి క్రిందటి డిసెంబరులో అయిదవ తరగతి అర్ధసంవత్సరపు పరీక్షలు రాసింది. దిద్దిన సైన్సు పేపరు చేతికిచ్చిన రోజు సాయంత్రం, చెప్పులైనా విప్పకుండా నా కుర్చీ దగ్గరకు వచ్చి, ఆ కాగితం నా ఒళ్ళో పెట్టి నిలబడింది. ఇరవై అయిదుకు ఇరవై నాలుగు!

"బాగానే వచ్చాయి గదమ్మా!" అన్నాను.

అమ్మాయి మాట్లాడకుండా ఒక ప్రశ్న మీద వేలు పెట్టింది. "మధ్యాహ్నం వేళ మన నీడ ఎలా వుంటుంది? (అ) పొడుగ్గా వుంటుంది. (ఆ) పొట్టిగా వుంటుంది. (ఇ) నీడ వుండదు." మా అమ్మాయి (ఆ) చుట్టూ సున్న చుట్టింది. ఆ సున్న మీద ఎర్రసిరాతో ఒక ఇంటూ మార్కు.

"నోట్సులో ఏమని చెప్పారు?"

"నీడ వుండదని."

"మరి అదే రాయకపోయావా?"

"అన్నం బెల్లు కొట్టినప్పుడు గ్రౌండులో చూశాను నాన్నా. నా నీడ వుంది."

ఆ వేళ నా ముందు దిద్దవలసిన పేపర్ల కట్ట ఒకటి వుంది. తొందరలో వున్నాను. "పరీక్షలో చెప్పిందే రాయాలమ్మా. చూసింది తరవాత చూసుకోవచ్చు" అనేశాను. అమ్మాయి కాగితం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాలుగడుగులు వేసి, గుమ్మం దగ్గర ఆగి, "అయితే చూడడం ఎందుకూ?" అంది. నన్ను అడిగిందో, గుమ్మాన్ని అడిగిందో తెలియదు. నా దగ్గర జవాబు మాత్రం లేదు.

ఆ ఆదివారం మా అరుగు మీద మహాసభ జరిగింది. ఎదురింటి ఇంజనీరుగారి అబ్బాయి, పక్కింటి బ్యాంకు ఉద్యోగి గారి అబ్బాయి కూడా మా అమ్మాయి తరగతే. ఇంజనీరుగారబ్బాయి "నీడ వుండదు" అని రాసి మార్కు తెచ్చుకున్నాడు. పక్కింటి పిల్లవాడు ఏకంగా "పొడుగ్గా వుంటుంది" అని రాసి వచ్చాడు. వాళ్ళమ్మగారు కాఫీ గ్లాసు పట్టుకుని, "చూడండి మాస్టారూ, మావాడి తెలివి! వీధిలో ఎవరికీ రాని జవాబు వీడికి వచ్చింది" అని నిట్టూర్చారు.

"ఎందుకలా రాశావురా?" అని ఇంజనీరుగారు నవ్వుతూ అడిగారు.

వాడు బిక్కమొహం వేసి, "మధ్యాహ్నం బడి విడిచిపెట్టినప్పుడు పొడుగ్గానే వుంటుందండి. గోడ దాకా వస్తుందండి" అన్నాడు.

సభలో అందరూ నవ్వారు గాని నేను నవ్వలేకపోయాను. తెలుగు మాస్టారిని గదా! 'మధ్యాహ్నం' అంటే అహస్సుకు మధ్య, అంటే పగటికి సరిగ్గా నడుమ. అది నిఘంటువు మాట. ఇంట్లో మాట వేరు. "మధ్యాహ్నం మూడింటి బస్సుకు వస్తాం" అని చుట్టాలు ఫోను చేస్తే ఎవరమైనా తప్పు పడతామా? బడి విడిచేది మూడున్నరకు. డిసెంబరులో ఆ వేళకు మా ఊళ్ళో నాలుగడుగుల పిల్లవాడి నీడ దాదాపు తొమ్మిది అడుగులు సాగుతుంది. వాడు చెప్పింది వాడి మధ్యాహ్నం సంగతి. అందులో అబద్ధం లేదు.

"అది సరే మాస్టారూ, పన్నెండు గంటలనే అనుకుందాం. సూర్యుడు నడినెత్తిన వుంటాడు గనక నీడ వుండదు. మేమూ అదే చదువుకున్నాం" అన్నారు ఇంజనీరుగారు.

"చదువుకున్నారు సరే. ఎప్పుడైనా చూశారా అన్నయ్యగారూ?" అని వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ అడిగింది.

ఆయన నిజాయితీ గల మనిషి. జవాబు చెప్పలేదు. లేచి ఇంటికి వెళ్ళి టేపు తెచ్చారు. అప్పటికి పదకొండున్నర. మా డాబా మీద సరిగ్గా మీటరు పొడవు గల కర్రను నిలబెట్టి, దారానికి రాయి కట్టి వేలాడదీసి నిలువు సరిచూశారు. అయిదేసి నిమిషాలకు ఒకసారి పిల్లలు నీడ కొసన సుద్దముక్కతో గుర్తు పెట్టారు. నీడ తగ్గుతూ, తగ్గుతూ వచ్చి, పన్నెండు గంటల ప్రాంతంలో ఒకచోట ఆగి, మళ్ళీ పెరగసాగింది. ఆగినచోట కొలిస్తే 85 సెంటీమీటర్లు! మీటరు కర్రకు ముప్పాతిక మీటరు పైచిలుకు నీడ. నీడ వుండదన్న జవాబుకు మార్కు వేశారు. పొట్టిగా వుంటుందన్న జవాబు కొట్టేశారు.

ఇంజనీరుగారు టేపు చుట్టుకుంటూ, "నలభై ఏళ్ళుగా ఈ ఎండలోనే తిరుగుతున్నానండీ!" అన్నారు.

సంగతేమిటంటే, సూర్యుడు ప్రతిరోజూ నడినెత్తికి రాడు. కర్కటరేఖకూ మకరరేఖకూ మధ్య వున్న ఊళ్ళలోనే వస్తాడు. అదైనా ఏడాదికి రెండు రోజులే. మా కాకినాడ వుత్తర అక్షాంశం సుమారు 17 డిగ్రీలు. ఇక్కడ మే 8 ప్రాంతంలో ఒకనాడు, ఆగస్టు 5 ప్రాంతంలో ఒకనాడు నిలువు కర్రకు నీడ మాయమవుతుంది. ఆ రెండు రోజుల నడుమ మిట్టమధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. మిగిలిన ఏడాదంతా వుత్తరానికే. కర్కటరేఖకు పైనున్న ఢిల్లీలో నీడ లేని మధ్యాహ్నం ఏడాదిలో ఒక్కటీ లేదు. అక్కడి పిల్లలు (ఇ) అని రాస్తే యే రోజునా ఒప్పు కాదు.

పోనీ, గడియారంలో పన్నెండైనా ఖాయమా? మన దేశపు గడియారాలన్నీ నడిచేది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి. అది మా కాకినాడకు అతి చేరువగా పోతుంది గనక మాకు పెద్ద తేడా రాదు. పడమటి కొసన ద్వారకలో మాత్రం గడియారం పన్నెండు కొట్టిన తరవాత ఇంచుమించు గంటకు గాని అసలు మధ్యాహ్నం కాదు.

ఇవన్నీ కొత్త సంగతులా అంటే కావు. సూర్యసిద్ధాంతం పన్నెండు అంగుళాల శంకువును నిలిపి, దాని నీడను బట్టి ఊరి అక్షాంశాన్ని లెక్కకట్టే విధానం చెప్పింది. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు, ఈజిప్టులోని సయీన్ వూళ్ళో మధ్యాహ్నం నీడ పడని రోజునే అలెగ్జాండ్రియాలో నీడ పడడం ఆధారం చేసుకుని, భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. అటువంటి నీడకు మన పిల్లల పేపరులో ఒక్క మార్కు! అదీ చూడకుండా వేసే మార్కు!

ఆ మధ్యాహ్నం భోజనం చేసి మళ్ళీ పేపర్ల కట్ట ముందు కూర్చున్నాను. నేనే ఇచ్చిన ప్రశ్న: "'ఛాయ' అనే పదానికి అర్థం రాయండి." ఒక కుర్రవాడు 'కాంతి' అని రాశాడు. రెండు రోజుల క్రితం దాన్ని నేనే అడ్డంగా కొట్టేశాను. నేను అనుకున్న జవాబు 'నీడ' గనక. అమరకోశం ఛాయకు నీడతోపాటు కాంతి అనీ, ప్రతిబింబమనీ, సూర్యుని భార్య అనీ కూడా అర్థాలు చెబుతుంది. ఎమ్మే చదివినవాణ్ణి, నాకు తెలియక కాదు. తొందర! మా అమ్మాయి పేపరు మీది ఇంటూ మార్కు చూసి రెండు రోజులు బాధపడ్డ నేను, నా చేతి ఎర్రసిరాను చూసుకోలేదు. ఆ కుర్రవాడికి మార్కు వేశాను. మరునాడు తరగతిలో పిలిచి చెప్పాను కూడా. వాడు మార్కుకు కాదు, నేను చెప్పినందుకు ఆశ్చర్యపోయాడు.

అంచేత బడికి వెళ్ళినప్పుడు దెబ్బలాటకు వెళ్ళలేదు. టీచరుగారు ఓపికగా విన్నారు. "జవాబుల పట్టిక అన్ని సెక్షన్లకూ ఒకటేనండి. నేనొక్కదాన్నీ మార్చలేను. అయినా 'రోజు మొత్తంలో నీడ అన్నిటికన్నా పొట్టిగా వుండేది ఎప్పుడు?' అని అడిగి వుంటే ఈ చిక్కు లేకపోను" అన్నారు. అంతకన్న చక్కగా నేనూ చెప్పలేను. మార్కు మాత్రం రాలేదు. ఆ సంగతి అమ్మాయికి దాచకుండా చెప్పాను. "నేను ఆ రోజు నీతో అన్నమాట తప్పు. నువ్వు చూసింది ఒప్పు" అని కూడా చెప్పాను. మార్కు పోయిందన్నమాట కన్న ఈ మాట చెప్పడమే నాకు కష్టమైంది.

తల్లిదండ్రులకు నేను చేసే మనవి ఒక్కటే. తప్పు పడ్డ జవాబు కనిపించగానే పిల్లను గాని టీచరును గాని నిలదీయకండి. "ఎందుకలా రాశావమ్మా?" అని అడిగి, జవాబు పూర్తిగా వినండి. ఒక్కొక్కప్పుడు తప్పు తప్పే అవుతుంది. ఒక్కొక్కప్పుడు ప్రశ్నలో మాట జారివుంటుంది. ఏది ఏదో తేలాలంటే పిల్ల చెప్పేది వినక తప్పదు.

మే 8వ తేదీ వచ్చింది. భరణి కార్తె ఎండ. డాబా మీద కాలు పెడితే బొబ్బలెక్కేలా వుంది. పిల్లలు ముగ్గురూ గొడుగు కింద కూర్చుని కర్ర చుట్టూ కాపలా కాశారు. పన్నెండుకు రెండు మూడు నిమిషాల ముందు నీడ కర్ర మొదట్లోకి ముడుచుకుపోయింది. మా అమ్మాయి కాసేపు కన్నార్పకుండా చూసి, ఇంజనీరుగారబ్బాయి వీపు తట్టి అంది:

"ఒరేయ్, ఇవాళ నీ జవాబు కరెక్టు!"