సీలు వేసిన రేడియోధార్మిక సోర్సులు – వాటి పరీక్ష, వాటి లెక్క

శ్రీకాకుళం జిల్లాలో 'అణుశక్తి' అనే మాట వినబడగానే అందరికీ రణస్థలం మండలంలోని కొవ్వాడ గుర్తుకు వస్తుంది. అక్కడ నిర్మించదలచిన అణు విద్యుత్ కేంద్రాన్ని గురించి మన జిల్లాలో జరిగిన చర్చ సామాన్యమైనది కాదు. అంత పెద్ద కేంద్రాన్ని గురించి ఆలోచించే మనము, అదే జాతికి చెందిన శక్తి వేలెడంత గుళికలలో ఆస్పత్రులలోను, కర్మాగారాలలోను, చమురు బావుల దగ్గరను, విశ్వవిద్యాలయాల ప్రయోగశాలలలోను ఎన్నో ఏండ్లుగా పనిచేస్తున్నదని అంతగా తలచము. మన ప్రాంతపు యువకులు అనేకులు వెల్డింగు, ఫిట్టింగు పనులకై విశాఖపట్నానికీ, హైదరాబాదుకూ, గల్ఫు దేశాలకూ పోతున్నారు. పైపుల అతుకులను గామా కిరణాలతో ఫోటో తీసే చోట వారు నిలబడవలసి రావచ్చును. పాత ఇనుప సామాను వ్యాపారం లేని ఊరు మనకు లేదు. కనుక ఈ గుళికలను ఎట్లా పరీక్షిస్తారో, ఎట్లా లెక్కలో ఉంచుతారో తెలుసుకొనుట సైన్సు విద్యార్థులకు మాత్రమే పరిమితమైన విషయం కాదని మా అభిప్రాయం.

సోర్సు అనగా ఏమి?

కొన్ని పరమాణువుల కేంద్రకాలు నిలకడ లేనివి. అవి తమంతట తాము విఘటనం చెందుతూ కిరణాలను వెలువరిస్తాయి. అట్టి పదార్థాన్ని కొద్దిగా తీసుకొని, గట్టి లోహపు గుళికలో ఉంచి, మూతను వెల్డింగు చేసి మూసివేస్తే దానిని సీలు వేసిన రేడియోధార్మిక జనకం అంటారు. పనివారు దానిని 'సోర్సు' అంటారు. మేమును ఆ మాటనే వాడుతున్నాము.

ఒక్కొక్క పనికి ఒక్కొక్క సోర్సు. కేన్సరు చికిత్స చేసే కొన్ని యంత్రాలలో కోబాల్ట్-60 ఉంటుంది. బాయిలర్ల, పైపుల అతుకులను పరీక్షించుటకు ఇరిడియం-192 వాడతారు. భూమి లోపలి రాతిపొరల సాంద్రతను కనుగొనుటకు చమురు బావులలోనికి సీజియం-137ను దింపుతారు. కర్మాగారాలలో తొట్లలోని పదార్థం ఎంత ఎత్తున ఉన్నదో బయటినుండే తెలుసుకొనుటకు కూడా సీజియం ఉపయోగపడుతుంది.

వీటి ఆయుష్షులు వేరు వేరు. సగం పదార్థం విఘటనం చెందుటకు పట్టే కాలాన్ని అర్ధాయుష్షు అంటారు. ఇరిడియం-192కు అది 74 రోజులు, కోబాల్ట్-60కి 5.27 సంవత్సరాలు, సీజియం-137కు సుమారు 30 సంవత్సరాలు, అమెరీషియం-241కి 432 సంవత్సరాలు. ఇరిడియం సోర్సు ఒక ఏడాదిలో సుమారు 30వ వంతుకు తగ్గిపోతుంది. అమెరీషియం సోర్సు దానిని కొన్న సంస్థకంటె, ఆ సంస్థ కట్టిన భవనంకంటె ఎక్కువకాలం బ్రతుకుతుంది.

రెండు విధాల ప్రమాదం

కిరోసిను లాంతరును తలచుకొంటే ఈ విషయం సులభంగా బోధపడుతుంది. లాంతరు వెలుగు గాజు చిమ్నీ గుండా బయటికి వస్తుంది. కిరోసిను మాత్రం బుడ్డిలోనే ఉంటుంది. వెలుగు సోకినంత మాత్రాన గోడకు కిరోసిను అంటదు. బుడ్డికి చిల్లి పడితే మాత్రం కిరోసిను చేతులకూ, బట్టలకూ, అన్నం గిన్నెకూ అంటుకొని ఇల్లంతా తిరుగుతుంది.

సోర్సు సంగతి కూడా ఇంతే. సీలు చక్కగా ఉన్నంతకాలం కిరణాలే బయటికి వస్తాయి. గామా కిరణాలు తగిలిన మనిషి గాని వస్తువు గాని రేడియోధార్మికం కాదు. ఆ కిరణాలనుండి కాపాడుకొనుటకు మూడు సూత్రాలున్నవి: దగ్గర గడిపే కాలాన్ని తగ్గించుట, దూరాన్ని పెంచుట, మధ్యలో సీసం వంటి అడ్డును ఉంచుట. దూరం రెండింతలైతే తీవ్రత నాలుగవ వంతు అవుతుంది. మీటరు దూరంలో నిలబడినవానికంటె సెంటీమీటరు దూరంలో చేయి పెట్టినవాని వేళ్లకు తగిలే తీవ్రత సుమారు 10,000 రెట్లు. సోర్సును చేతితో పట్టుకొనుట, జేబులో వేసుకొనుట ఎందుకు ప్రాణాంతకమో ఈ ఒక్క లెక్క చెబుతున్నది.

సీలు పగిలితే అది రెండవ విధమైన ప్రమాదం. అప్పుడు పదార్థమే బయటపడి దుమ్ముగా శరీరంలోనికి పోతుంది. కనుక సోర్సు విషయంలో రెండు ప్రశ్నలు నిత్యం వేయవలసి ఉన్నవి. సీలు చక్కగా ఉన్నదా? సోర్సు ఉండవలసిన చోటనే ఉన్నదా? మొదటి ప్రశ్నకు జవాబు పరీక్ష. రెండవ ప్రశ్నకు జవాబు లెక్క.

సీలు పరీక్ష

సీలు పరీక్షలలో ఎక్కువ వాడుకలో ఉన్నది 'వైప్ టెస్టు', అనగా తుడిచి చూచే పరీక్ష. శిక్షణ పొందినవారు, చేతికి తొడుగులు వేసుకొని, పొడవైన పట్టుకారుతో తడి ఫిల్టరు కాగితాన్ని పట్టుకొని, గుళిక నుండి పదార్థం కారితే ఎక్కడ పేరుకొంటుందో ఆ భాగాన్ని తుడుస్తారు. తీవ్రత ఎక్కువైన సోర్సు విషయంలో గుళికను ముట్టుకొనక, అది ఉన్న పెట్టె ముఖద్వారాన్ని తుడుస్తారు. తరువాత ఆ కాగితాన్ని దూరంగా కొనిపోయి కౌంటరు కింద ఉంచి లెక్కిస్తారు.

ఉదాహరణకు, కాగితం లేనప్పుడు కౌంటరు నిమిషానికి 30 లెక్కలు చూపినది అనుకొందాము. అది ప్రకృతి సహజమైన వికిరణం. కాగితం ఉంచినప్పుడు 90 చూపినది. తేడా నిమిషానికి 60, అనగా సెకనుకు 1. ఆ కౌంటరు పది విఘటనాలలో ఒకదానిని మాత్రమే పట్టగలిగినదైతే, కాగితం మీద ఉన్నది 10 బెకరెల్. చాలాకాలంగా అనేక దేశాలలో పాటిస్తున్న హద్దు 185 బెకరెల్. పాత కొలతలో 0.005 మైక్రోక్యూరీ. ఆ హద్దు మించితే సోర్సును వెంటనే వాడుకనుండి తొలగించి, మూసి ఉంచి, అధికారులకు తెలియజేయవలెను.

మీటరు విషయంలో ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. మీటరు పలకలేదంటే సోర్సు లేదని అర్థం కాదు. బ్యాటరీ అయిపోయి ఉండవచ్చును. అందువల్ల పని మొదలుపెట్టే ముందు చిన్న పరీక్షా సోర్సుతో మీటరు పలుకుతున్నదో లేదో చూచుకొంటారు. అతుకుల ఫోటో తీసే పనిలో ప్రతి ఎక్స్‌పోజరు తరువాత సోర్సు తన పెట్టెలోనికి తిరిగి చేరినదా అని మీటరుతో చూడవలెను. తిప్పిన హ్యాండిలును చూచి నమ్మరాదు.

లెక్క

మన దేశంలో ఈ వ్యవహారమంతా చాలాకాలం 1962 నాటి అణుశక్తి చట్టం కింద నడుస్తూ వచ్చినది. 1983 నవంబరులో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి లేనిదే ఎవరును సోర్సును కొనరాదు, వాడరాదు, ఇతరులకు ఈయరాదు. 2004 నాటి వికిరణ రక్షణ నియమాలను అనుసరించి, సోర్సులు ఉన్న సంస్థలో రక్షణ బాధ్యత వహించే అధికారి ఒకరు ఉండవలెను. పనివారు ఛాతీమీద ధరించే చిన్న బ్యాడ్జిని నియమిత కాలానికొకసారి పంపి, వారికి ఎంత వికిరణం సోకినదో లెక్క కడతారు. అనుమతులు, సోర్సుల వివరాలు ఇప్పుడు 'ఈ-లోరా' అనే కంప్యూటరు విధానంలో నమోదవుతున్నవి.

అయినా కంప్యూటరు సోర్సును చూడలేదు. ఎవరో ఒకరు పోయి కంటితో, మీటరుతో చూచి సంతకం చేసినప్పుడే ఆ లెక్కకు విలువ. మంచి రిజిస్టరులో పదార్థం పేరు, సోర్సు నంబరు, ఏ తేదీనాటికి ఎంత తీవ్రత, ఉన్న చోటు, బాధ్యుని పేరు, చివరిసారి చూచిన తేదీ ఉంటాయి. చేతులు మారిన ప్రతిసారి ఇచ్చినవాని సంతకం, పుచ్చుకొన్నవాని సంతకం రెండును ఉంటాయి.

లెక్క తప్పిన చోట్ల

ఈ జాగ్రత్తలు ఎందుకో కొన్ని ఉదంతాలు తెలుపుతున్నవి.

2019 జనవరిలో రాజమహేంద్రవరంలోని చమురు, సహజవాయు సంస్థ కేంద్రంలో ఉండవలసిన సీజియం-137 పెట్టె కనిపించలేదు. పోలీసులు వెదకగా అది అప్పటి కృష్ణా జిల్లాలోని కలిదిండిలో, పాత ఇనుప సామాను కొట్టులో దొరికినది. బరువైన లోహపు పెట్టె దాని విలువ తెలియనివారికి తూకానికి అమ్ముడుపోయే సరుకే.

2010లో ఢిల్లీలో జరిగినది మన వంటి విద్యాసంస్థలకు మరింత దగ్గరి విషయం. ఢిల్లీ విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్ర విభాగంలో కోబాల్ట్-60 గల గామా యంత్రం ఒకటి 1985 నుండి వాడుకలో లేక పడి ఉన్నది. 2010 ఫిబ్రవరిలో దానిని పనికిరాని సామానుతోపాటు వేలం వేశారు. అది మాయాపురి పాత ఇనుము బజారుకు చేరినది. అక్కడివారు దానిని విప్పి కోసారు. అనేకులు ఆస్పత్రి పాలైనారు, ఒకరు మరణించారు. ఆ 25 ఏండ్లలో ఆ కోబాల్ట్ సుమారు 27వ వంతుకు తగ్గి ఉంటుంది. ఆ మిగిలిన వంతే ఒక ప్రాణం తీసినది. పాతబడినది కనుక ప్రమాదం లేదనుకొనుట ఎంత పొరపాటో దీనివల్ల గ్రహించవచ్చును.

బ్రెజిల్ దేశపు గోయానియా పట్టణంలో 1987 సెప్టెంబరులో మరింత ఘోరం జరిగినది. ఖాళీ చేసిన చికిత్సాలయంలో వదలిపెట్టిన యంత్రాన్ని ఇద్దరు పాత ఇనుము కోసం కొనిపోయి విప్పారు. లోపలి సీజియం పొడి చీకటిలో నీలంగా మెరుస్తుంటే వింతగా చూచి బంధువులకు, ఇరుగుపొరుగువారికి పంచిపెట్టారు. 249 మందికి ఆ పదార్థం అంటినది; నలుగురు మరణించారు, వారిలో ఆరేండ్ల బాలిక ఒకతె. లక్షమందికి పైగా ప్రజలను పరీక్షించవలసి వచ్చినది.

సీలు పగలకుండానే లెక్క తప్పుటకు ఆస్ట్రేలియా ఉదాహరణ. 2023 జనవరిలో ఒక గనినుండి పెర్త్ నగరానికి సుమారు 1,400 కిలోమీటర్లు ప్రయాణించిన లారీనుండి 8 మిల్లీమీటర్ల పొడవైన సీజియం గుళిక జారిపోయినది. లారీ జనవరి 16న గమ్యం చేరినది. పెట్టెను 25న విప్పేవరకు గుళిక లేదని ఎవరికీ తెలియలేదు. చేరిన నాడే పెట్టెమీద మీటరు పెట్టి చూచి ఉంటే తొమ్మిది రోజుల ముందే తెలిసేది. ఫిబ్రవరి 1న, మీటర్లు అమర్చిన వాహనం దానిని రోడ్డుప్రక్కన కనుగొన్నది.

ఈ నాలుగు చోట్లా గుళిక పని చేస్తున్నప్పుడు ఎవరికీ హాని కలుగలేదు. దానిని తనదని చెప్పే మనిషి లేనప్పుడే ప్రమాదం మొదలైనది. మన ఇండ్లలో 'అమానతు' అనే మాట ఉన్నది. మనవద్ద ఉంచిన వస్తువును ఉన్నది ఉన్నట్టు తిరిగి అప్పగించవలెనని దాని భావం. సోర్సు అటువంటిది. కొన్ననాడే దానిని చివరకు ఎవరికి అప్పగించవలెనో నిర్ణయించుకొనవలెను. వాడుక ముగిసిన సోర్సును తయారీదారుకు తిప్పి పంపుటయో, ప్రభుత్వ అనుమతి పొందిన కేంద్రానికి అప్పగించుటయో తప్ప వేరు మార్గం లేదు.

దొరికితే ఏమి చేయవలెను?

పసుపురంగు మీద మూడు రెక్కల గుర్తు వికిరణానికి ప్రపంచమంతటా గుర్తు. దాని అర్థం తెలియనివారికోసం 2007లో మరొక గుర్తును ప్రవేశపెట్టారు: ఎర్రని త్రికోణంలో కిరణాలు, పుర్రె, పరుగెత్తే మనిషి. ఈ గుర్తులున్న పెట్టె గాని, పరిమాణానికి మించిన బరువుగల సీసపు డబ్బా గాని పాత సామానులో కనిపిస్తే ముట్టరాదు, విప్పరాదు, కోయరాదు, తూకం వేయరాదు. కనీసం 30 మీటర్ల దూరం పోయి, ఇతరులను రానీయక, 112కు ఫోను చేయవలెను. నిప్పు తగలకుండానే చర్మం కాలినట్టు నల్లబడినా, వాంతులతోపాటు జుట్టు రాలినా, తాము ఏ లోహపు వస్తువును ముట్టుకొన్నారో వైద్యునికి తప్పక చెప్పవలెను. చెప్పకపోతే వైద్యుడు వేరొక జబ్బుగా భావించవచ్చును.

కళాశాలకు ఒక మనవి

జి.ఎం. కౌంటరు ప్రయోగానికి వాడే చిన్న సోర్సులు ఏ కళాశాలలో ఉన్నా, వాటి తీవ్రత స్వల్పమే అయినా, వాటికి ఒక రిజిస్టరు, ఒక తాళం, ఒక బాధ్యుడు ఉండవలెను. ప్రయోగశాల నుండి ఏ పాత పరికరాన్ని వేలానికి పెట్టినా, అందులో రేడియోధార్మిక పదార్థం లేదని విభాగాధిపతి వ్రాతమూలకంగా తెలిపిన తరువాతనే కమిటీవారు అనుమతి ఈయవలెను. ఇందుకు ఖర్చు ఒక కాగితం మాత్రమే. ఢిల్లీలో అట్టి కాగితం ఒకటి సక్రమంగా తయారై ఉంటే ఒక కుటుంబానికి దుఃఖం తప్పేది.

విద్యార్థులు ఈ విషయాన్ని తమ ఇండ్లలోను, తమ పేటలలోని ఇనుప కొట్లవారికిని తెలుగులోను ఉర్దూలోను వివరించగలరనీ, కళాశాల కమిటీవారు పై సూచనను పరిశీలించగలరనీ ఆశిస్తున్నాము.