మీ గినీ పిగ్ లావెక్కిందా, కడుపుతో ఉందా?



"మిస్, మా కుకీ బాగా లావైపోయింది. మమ్మీ దానికి తిండి తగ్గించేసింది." నాలుగో తరగతి పాప ఒకరోజు లంచ్ బ్రేక్‌లో నాతో అన్న మాట ఇది. వాళ్లింట్లో రెండు గినీ పిగ్స్ ఉన్నాయి. రెండూ ఆడవేనని చెప్పి షాపులో అమ్మారట. వారం తిరిగేసరికి కేజ్‌లో మూడు పిల్లలు కనిపించాయి. అదృష్టం కొద్దీ తల్లీ పిల్లలూ బాగానే ఉన్నాయి. కానీ చూడితో ఉన్న గినీ పిగ్‌కు చివరి వారాల్లో తిండి తగ్గిస్తే ప్రాణానికే ముప్పు. మన పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఇప్పుడు గినీ పిగ్స్ పెరుగుతున్నాయి కాబట్టి ఈ నెల ఈ విషయం మీతో పంచుకుంటున్నాను.

ఎలా జరుగుతుంది?

గినీ పిగ్ చిన్నగా ఉన్నప్పుడు ఆడదో మగదో గుర్తుపట్టడం అలవాటు లేనివారికి కష్టం. పైగా ఆడపిల్ల నాలుగు నుంచి ఆరు వారాల వయసుకే గర్భం దాల్చగలదు. షాపులో అన్నిటినీ ఒకే కేజ్‌లో ఉంచితే, మీరు ఒక్కదాన్నే కొన్నా అది అప్పటికే కడుపుతో ఉండవచ్చు.

గర్భకాలం సుమారు 59 నుంచి 72 రోజులు. కాబట్టి మగదానితో కలిసి ఉన్న చివరి రోజు నుంచి 72 రోజులు లెక్కపెట్టి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఆ రోజు దాటే వరకు జాగ్రత్తగా ఉండాలి.

గుర్తుపట్టడం ఎలా?

వారానికోసారి వంటింటి డిజిటల్ తూకంపై బరువు చూసి రాసి పెట్టండి. ఈ పని మీ పిల్లలకే అప్పగించవచ్చు. గ్రాముల్లో రాసుకుని గ్రాఫ్ గీస్తే లెక్కల పాఠం కూడా అవుతుంది. బరువు వారం వారం పెరుగుతూ, నడుము రెండు వైపులా ఉబ్బి, పైనుంచి చూస్తే బేరిపండు ఆకారంలో కనిపిస్తుంటే అనుమానించాలి. చివరి వారాల్లో పిల్లలు కదలడం బయటికే కనిపిస్తుంది.

పొట్ట నొక్కి చూడకండి, పిల్లల్ని నొక్కనివ్వకండి. పరీక్ష చేయడం, అవసరమైతే స్కానింగ్ తీయడం పశువైద్యుల పని.

వెంటనే చేయాల్సినవి

1. మగదాన్ని వేరు చేయండి. పిల్లలు పెట్టిన కొన్ని గంటల్లోనే తల్లి మళ్లీ గర్భం దాల్చగలదు. వెంటవెంటనే రెండు కాన్పులైతే తల్లి బాగా నీరసించిపోతుంది. ఏది మగదో తెలియకపోతే రెండింటినీ డాక్టర్‌కు చూపించండి.

2. వయసు చెప్పండి. ఆడ గినీ పిగ్‌కు మొదటి కాన్పు 6-8 నెలల వయసులోపే జరగకపోతే, ఆ తర్వాత కటి ఎముకలు సరిగా విచ్చుకోకపోవచ్చు. అప్పుడు పిల్లలు బయటికి రావడం కష్టమై ఆపరేషన్ అవసరం పడవచ్చు. మీ గినీ పిగ్‌కు అంతకన్నా వయసు ఎక్కువుండి ఇదే మొదటి కాన్పైతే ముందే డాక్టర్‌ను కలవండి.

3. తిండి తగ్గించకండి. ఎండు గడ్డి, శుభ్రమైన నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. కడిగిన గరిక ఇవ్వవచ్చు. ఈ సమయంలో కాల్షియం కోసం లూసర్న్ గడ్డి కొంత కలపవచ్చు.

4. విటమిన్ సి మరవకండి. మనుషుల్లాగే గినీ పిగ్స్ శరీరం కూడా విటమిన్ సి తయారు చేసుకోలేదు. మామూలుగా కిలో బరువుకు రోజుకు కనీసం 10 మిల్లీగ్రాములు కావాలి. కడుపుతో ఉన్నప్పుడు సుమారు 30 మిల్లీగ్రాములు కావాలి. రోజూ ఒక పెద్ద క్యాప్సికం ముక్క, కాస్త కొత్తిమీర పెట్టండి. చుక్కల మందు నీళ్లలో కలిపితే దాని శక్తి త్వరగా తగ్గిపోతుంది. పాలు, అన్నం, ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప పెట్టవద్దు.

5. చల్లగా ఉంచండి. ఇవి దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతం నుంచి వచ్చిన జీవులు. మన ఏప్రిల్, మే ఎండలు వీటికి చాలా ప్రమాదం, కడుపుతో ఉంటే మరీను. కేజ్‌ను బాల్కనీలో ఉంచకండి. గడ్డకట్టిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి కేజ్‌లో ఒక పక్కన పెట్టండి.

6. ఎత్తడం తగ్గించండి. చివరి వారాల్లో చిన్న బుట్టలోకి అదే నడిచి వెళ్లేలా చేసి బుట్టతో సహా తూచండి. తర్వాత బుట్ట బరువు తీసేయండి. ముట్టుకున్న ప్రతిసారీ పిల్లలతో సబ్బుతో చేతులు కడిగించండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పరుగెత్తాలి?

తిండి మానేసి ఒక మూల ముడుచుకుంటే, రక్తం కారుతుంటే, ఇరవై నిమిషాలకు పైగా ముక్కుతున్నా పిల్ల బయటికి రాకపోతే తెల్లవారే దాకా ఆగవద్దు. చివరి వారాల్లో తిండి మానేయడం టాక్సీమియాకు గుర్తు కావచ్చు. అది గంటల్లోనే ప్రాణం తీయగలదు. కుక్కలు, పిల్లులతో పాటు చిన్న జంతువులనూ చూసే డాక్టర్ ఎవరో ముందే కనుక్కుని నంబర్ ఫ్రిజ్ మీద అంటించండి. హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలోని వెటర్నరీ కాలేజీల్లో ఆసుపత్రులు ఉన్నాయి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక: పిల్లల జ్వరానికి తెచ్చిన అమాక్సిసిలిన్ వంటి యాంటీబయాటిక్ సిరప్‌ను దీనికి సొంతంగా వేయకండి. అలాంటి మందులు గినీ పిగ్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను చంపేసి ప్రాణం తీయగలవు.

పిల్లలు పుట్టాక

ఎలుక పిల్లల్లా కళ్లు మూసుకుని, వెంట్రుకలు లేకుండా పుడతాయని చాలామంది అనుకుంటారు. గినీ పిగ్ పిల్లలు ఒంటి నిండా వెంట్రుకలతో, తెరిచిన కళ్లతో, పళ్లతో పుడతాయి. మాయను తల్లి తినేయడం సహజం, కంగారు పడకండి. ఒకటి రెండు రోజుల్లోనే పిల్లలు గడ్డి కొరుకుతాయి, అయినా మూడు వారాల పాటు తల్లి పాలు కావాలి. తల్లికి రెండే చనుమొనలు కాబట్టి పిల్లలు ఎక్కువైతే రోజూ వాటి బరువు చూడండి. మూడు వారాలు నిండగానే మగపిల్లల్ని వేరు చేయండి. లేకపోతే ఇదే కథ మళ్లీ మొదలవుతుంది.

ఇన్ని పిల్లల్ని ఏం చేయాలన్నది పుట్టకముందే ఆలోచించండి. వాళ్ల ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకున్న కుటుంబాలకే ఇవ్వండి. బర్త్‌డే రిటర్న్ గిఫ్టుగా పంచవద్దు. అపార్ట్‌మెంట్ పార్కులో వదలవద్దు, కుక్కల నుంచీ పిల్లుల నుంచీ అవి తప్పించుకోలేవు.

చివరిగా ఒక మాట. ఇందులో మీ బాబుది, పాపది తప్పేమీ లేదు. "నీవల్లే ఇదంతా" అని కోప్పడకండి. ఒకవేళ ఏ పిల్లైనా బతకకపోతే దాచకుండా నిజం చెప్పండి, ఏడిస్తే ఏడవనివ్వండి. మా కుకీ స్నేహితురాలు తిండి తగ్గించినందుకు తల్లి గినీ పిగ్‌కు సారీ చెప్పి, ఇప్పుడు రోజూ నాలుగింటి బరువూ రాసుకుంటోంది. ఆ నోట్‌బుక్ క్లాసుకు తెచ్చి అందరికీ చూపించింది కూడా.