చెట్టుకు కట్టిన నోటీసు చదివారా?

ముంబయి, పుణె, సోలాపూరు నగరాల్లో స్థిరపడిన మన కుటుంబాలకు ఇంటిపన్ను సంగతులు తెలిసినంతగా చెట్ల చట్టం సంగతి తెలియదు. వాకిట్లో వేపచెట్టు మనదే కదా, కొట్టేస్తే అడిగేదెవరు అనుకుంటాం. కానీ మహారాష్ట్ర పట్టణాల్లో చెట్ల పరిరక్షణకు 1975 నుంచీ ప్రత్యేక చట్టం ఉంది. సొంత స్థలంలోని చెట్టునైనా అనుమతి లేకుండా కొట్టకూడదు. నరకడమే కాదు, కాల్చినా, మరోవిధంగా పాడుచేసినా ఆ చట్టం దృష్టిలో కొట్టినట్టే.

అనుమతి కోసం నగరపాలక సంస్థలోని వృక్ష అధికారికి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆయన పత్రికలో ప్రకటన ఇచ్చి, ఆ చెట్టుకే నోటీసు అంటింపజేయాలి. అభ్యంతరం ఉన్నవారు రాతపూర్వకంగా తెలపవచ్చు. అనుమతి వచ్చాక కూడా 15 రోజులు ఆగాలి. చెట్టు కూలి ప్రాణాపాయం కలిగేలా ఉంటే మాత్రం మినహాయింపు ఉంది.

2021లో చట్టాన్ని సవరించి, 50 ఏళ్లు దాటిన చెట్లను వారసత్వ వృక్షాలుగా గుర్తించారు. అలాంటి చెట్టును కొట్టక తప్పకపోతే దాని వయసెంతో అన్ని మొక్కలు నాటాలి. 60 ఏళ్ల రావిచెట్టుకు 60 మొక్కలన్నమాట. లెక్క బాగానే ఉంది. అయితే ఆ 60 మొక్కలు ఎక్కడో ఊరి చివర నాటితే మన వీధిలో పోయిన నీడ తిరిగి వస్తుందా? నాటిన మొక్కకు నీళ్లు పోసేదెవరు? అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఆలస్యం ఎంత చేటో ముంబయి ఆరే కాలనీ చెబుతుంది. మెట్రో షెడ్డు కోసం చెట్లు కొట్టరాదన్న పిటిషన్లను 2019 అక్టోబరు 4న హైకోర్టు కొట్టివేసింది. ఆ రాత్రే రంపాలు మొదలయ్యాయి. 7వ తేదీన సుప్రీంకోర్టు ఆపమనేసరికి 2,141 చెట్లు నేలకూలాయి. తీర్పు ఎటు వచ్చినా, కూలిన చెట్టును నిలబెట్టే కోర్టు లేదు.

అందుకే మాట్లాడవలసిన సమయం నోటీసు అంటించిన ఆ కొద్దిరోజులే. అది మరాఠీలో ఉందని పెద్దలు పక్కకు తప్పుకోనక్కరలేదు. బడిలో మరాఠీ చదివే మన పిల్లలున్నారు. వారిచేత చదివించుకుందాం. చెట్టు నిజంగా ప్రమాదకరమా, కొమ్మలు తగ్గిస్తే సరిపోదా, బదులు మొక్కలు ఎక్కడ నాటుతారు అని సొసైటీ సమావేశంలో అడుగుదాం. నాటిన మొక్క మన వీధిలోనిదైతే రోజుకో బిందె నీళ్లు మన వంతు.