వ్యాన్‌లో వాన

అమ్మడూ, డెన్వర్‌లో ఉద్యోగాలు, శనాదివారాలు కొండల మీద స్కీయింగ్. హోటళ్ళకు డబ్బు తగలెయ్యడం ఎందుకని పాత స్ప్రింటర్ వ్యాన్ కొని, లోపల మంచం, వంటగట్టు కట్టించుకున్నారు. సంతోషం. దాన్ని చలికాలానికి ఎలా సిద్ధం చెయ్యాలి తాతయ్యా అని అడిగావు. మీ మావయ్యనడిగితే పెద్ద హీటరు పెట్టించెయ్యమని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి కదా, లెక్క వెయ్యకుండా హీటరు జోలికి పోనివ్వను.

చలి సంగతి తర్వాత చూద్దాం. నిన్ను ముందుగా ఏడిపించేది తడి. మీ వ్యాన్‌లో గాలి పట్టే చోటు 12 ఘనపు మీటర్లనుకో. 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి 17 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే మోయగలదు. అంటే వ్యాన్‌లోని గాలంతా కలిసి మోసేది 200 గ్రాములు, ఒక గ్లాసుడు నీళ్ళు. నువ్వూ మీ ఆయనా తలుపులన్నీ బిగించుకుని పడుకుంటే, ఊపిరిలోంచీ ఒంటిమీంచీ ఒక్కొక్కరి నుంచి తెల్లారేసరికి సుమారు పావు లీటరు నీరు ఆవిరిగా బయటికొస్తుంది. ఇద్దరిదీ కలిపితే అర లీటరు. గాలిలో పట్టని మిగతా నీళ్ళు ఎక్కడికి పోవాలి?

ఎక్కడ చల్లగా ఉంటే అక్కడికే. సున్నా డిగ్రీల దగ్గర గాలి 5 గ్రాములు కూడా మోయలేదు. మైనస్ 10 దగ్గరైతే రెండు గ్రాముల పైన కొంచెం, అంతే. బయటి చలికి గడ్డకట్టుకుపోయిన రేకును లోపలి వెచ్చటి గాలి తాకగానే, మోస్తున్న బరువంతా అక్కడ దించేస్తుంది. పొద్దున్నే టార్చి వేసి చూడు. ముందు అద్దం లోపలివైపంతా తెల్లటి మంచు పొర ఉంటుంది. చెక్క పలకల్లో బిగించిన ప్రతి మర తల మీదా ఒక మంచు బొట్టు కనిపిస్తుంది, ఎందుకంటే ఆ మర అవతలి కొస రేకులో దిగి ఉంది. పరుపెత్తి చూస్తే అడుగుభాగం చెమ్మగా తగులుతుంది. హీటరు పెంచగానే ఇవన్నీ కరిగి పైనుంచి టపటపా రాలతాయి. ఒక్క రాత్రికి ఇది నవ్వులాటే కానీ, సీజనంతా ఇలాగే సాగితే పరుపుకి బూజు, రేకుకి తుప్పు తప్పవు.

చలేస్తోంది కదాని గ్యాసు పొయ్యి వెలిగించి కూర్చుంటారు కొందరు. అది మరీ అన్యాయం. ప్రొపేన్‌లో ఉన్న హైడ్రోజన్ మండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. కిలో గ్యాసు కాలిస్తే కిలోన్నరకు పైగా నీళ్ళు పుడతాయి. దానికి తోడు కార్బన్ మోనాక్సైడ్. అది నెత్తుటిలోని హెమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దానికి వాసనా ఉండదు, రంగూ ఉండదు. కాబట్టి పడుకునే చోట దాని అలారం లేకుండా వ్యాన్‌లో ఒక్క రాత్రి కూడా గడపకు. ఈ విషయంలో మాత్రం బేరాల్లేవు.

మరి తడికి మందేమిటి? కిటికీ తెరువు.

ముసలాయనకు మతిపోయిందనుకోకు, లెక్క చూడు. మైనస్ 10 దగ్గర బయటి గాలి ఎంత తేమగా ఉన్నా దానిలో ఉండేది ఆ రెండు గ్రాములే. దాన్ని లోపలికి తెచ్చి 20 డిగ్రీలకు వేడిచేస్తే అది ఎడారి గాలిలా పొడిగా తయారై, లోపలి తడినంతా పీల్చుకుంటుంది. కప్పు మీది ఫ్యాన్‌ను నెమ్మదిగా తిరగనిచ్చి, కింద ఒక కిటికీని వేలెడు సందు తెరిచి ఉంచితే చాలు. వేడంతా పోదా అంటావు. వ్యాన్‌లో గాలి మొత్తం ఒకసారి మార్చి మైనస్ 10 నుంచి 20కి తేవడానికి కావలసిన వేడి, కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే, యూనిట్‌లో ఎనిమిదో వంతు. గంటకొకసారి మారినా రాత్రికి ఒక యూనిట్. లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల వేడి ఉంటుంది. అంత తక్కువ ఖర్చుకి బెంగపడి కిటికీలు మూసుకునేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది.

వేడి నిజంగా కారిపోయేది ఇనుములోంచి. మంచి ఫోమ్‌తో పోలిస్తే ఉక్కు వెయ్యి రెట్లకు పైగా వేడిని దాటిస్తుంది. గోడ పక్కటెముకల మధ్య ఫోమ్ కూరి, ఆ ఎముకల్ని మాత్రం బయటికి వదిలేస్తే సగం పని వృథా. వాటి మీద కూడా ఒక పొర కప్పాలి. కిటికీలకు దూది కూరిన తెరలు అంచుల దగ్గర సందు లేకుండా అతుక్కోవాలి.

హీటరు డీజిల్‌దే తీసుకో. దాని మంట వేరే పెట్టెలో మండుతుంది. గాలి బయటినుంచి తీసుకుని పొగను బయటికే వదులుతుంది కనుక మీ గదిలోకి వచ్చేది పొడి వేడి. అయితే పొగ గొట్టం ఉండేది వ్యాన్ అడుగున. రాత్రి మంచు పేరుకుని దాని మూతి మూసుకుపోతే ప్రమాదం, పారతో తవ్వుతూ ఉండాలి. మీ కొండల్లో లెడ్‌విల్ లాంటి ఊళ్ళు 3,000 మీటర్లకు పైన ఉన్నాయి. అక్కడ గాలి సుమారు 30 శాతం పల్చన. డీజిల్ పూర్తిగా కాలక హీటరు లోపల మసి పడుతుంది, అందుకే ఎత్తుకు తగ్గట్టు ఇంధనం తగ్గించే ఏర్పాటున్నది చూసి కొను.

ఆ డీజిల్‌కీ చలి జబ్బుంది. సంక్రాంతి చలికి మనింట్లో కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టినట్టే డీజిల్‌లోని మైనం తెల్లగా పేరుకుని ఫిల్టరుకు అడ్డుపడుతుంది. లడఖ్‌లో బండ్లకు ఇదే బాధ. 2019లో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల దాకా పారే చలికాలపు డీజిల్‌ను అక్కడికి తెచ్చింది. మీరూ వెచ్చటి రాష్ట్రంలో నింపిన ట్యాంకుతో కొండెక్కకండి, కొండ ఊళ్ళ బంకుల్లో చలికాలంలో అమ్మే డీజిల్ పోయించుకోండి.

లిథియం బ్యాటరీని మంచం కిందే, వెచ్చగా ఉంచు. సున్నా కంటే దిగువన అది కరెంటు ఇస్తుంది కానీ ఛార్జింగ్ పుచ్చుకోకూడదు. లిథియం గ్రాఫైట్ లోపలికి దూరలేక పైనే లోహపు పొరగా పేరుకుపోతుంది, ఆ నష్టం మళ్ళీ పూడదు. నీళ్ళ ట్యాంకు కూడా లోపలే ఉండాలి. గడ్డకడితే నీరు 9 శాతం ఉబ్బి గొట్టాలు పగలగొడుతుంది. గడ్డకట్టకుండా గొట్టాల్లో పొయ్యడానికి గులాబీ రంగు ప్రొపిలీన్ గ్లైకాల్ దొరుకుతుంది. కారు రేడియేటరులో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం, దాన్ని ఆ దరిదాపులకు రానివ్వకు. ఇక దారి సంగతి. సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా ఐ-70 హైవే మీద డాట్సెరో, మారిసన్ మధ్య తగిన టైర్లో చైన్లో ఉండాలన్న రూలు నీకు తెలిసే ఉంటుంది.

అన్నం మాటేమిటంటావా? లెడ్‌విల్ ఎత్తులో నీళ్ళు 90 డిగ్రీలకే మరుగుతాయి, మామూలు గిన్నెలో బియ్యం ఓ పట్టాన ఉడకదు. చిన్న కుక్కరు పెట్టుకో. ప్రతి విజిలూ వ్యాన్‌లోకి ఆవిరే కాబట్టి ఫ్యాన్ పెంచి వండు.

స్కీ బూట్లకు అంటుకున్న మంచును బయటే దులిపెయ్యి. వంద గ్రాముల మంచు లోపల కరిగి ఆవిరవ్వడానికే యూనిట్‌లో పన్నెండో వంతు వేడి తినేస్తుంది, ఆ నీరు మళ్ళీ వాన లెక్కలోకే వస్తుంది. తలుపు పక్కన ఒక చీపురు ఉంచుకో. అక్కడే దొరుకుతుందిలే, మీ అమ్మమ్మనడక్కు, ఆవిడ నిజంగానే పార్సెల్ కట్టించి పంపుతుంది.