నదికి కాపలా కాసే కొలువు

అమెరికాలో తెలుగు ఇంజనీరు అనగానే ముందు సాఫ్ట్‌వేరే గుర్తొస్తుంది. అంతకు చాలా ముందే, 1965 వలస చట్టం దారి తెరిచాక, సివిల్, కెమికల్ డిగ్రీలతో వచ్చినవాళ్లలో కొందరం ప్రభుత్వ పర్యావరణ శాఖల్లో చేరాం. నా సర్వీసంతా ఒహాయోలో గడిచింది. ఆ పనేమిటో మన పిల్లలకు తెలియాలని ఇది రాస్తున్నాను.

1969 జూన్ 22న ఒహాయోలోని క్లీవ్‌లాండ్‌లో కయహోగా నది మీద తేలే నూనె, చెత్త అంటుకుని మండాయి. ఆ నది అంతకుముందూ మండింది, కానీ ఈసారి దేశం ఊరుకోలేదు. 1970 డిసెంబరులో ఫెడరల్ ఈపీఏ (పర్యావరణ రక్షణ సంస్థ), 1972లో ఒహాయో ఈపీఏ, అదే ఏడాది క్లీన్ వాటర్ యాక్ట్ వచ్చాయి. పైపులోంచి నదిలోకి నీళ్లు వదిలే ప్రతి ఫ్యాక్టరీ, ప్రతి ఊరి మురుగునీటి ప్లాంటు పర్మిట్ తీసుకోవాలన్నది ఆ చట్టానికి ప్రాణం. పర్మిట్ గడువు ఐదేళ్లకు మించదు.

ఆ పర్మిట్ రాయడమే మా పని. ఊరి ప్లాంటు వదిలే నీటిలో బీవోడీ, అంటే మలినం కుళ్లేటప్పుడు నీటిలోంచి లాక్కునే ఆక్సిజన్ కొలత, సాధారణంగా నెల సగటున లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇది దేశమంతటికీ కనీస హద్దు. అసలు లెక్క ఆ తర్వాతే మొదలవుతుంది. వసంతంలో నిండుగా పారే నదిని చూసి పర్మిట్ రాస్తే ఎండాకాలంలో చేపలు చస్తాయి. అందుకే పదేళ్లకోసారి వచ్చేంత కరువులో, వరసగా ఏడు రోజులపాటు ఉండే అతి తక్కువ ప్రవాహాన్ని ఆధారంగా తీసుకుంటాం. ఆ కాస్త నీటిలో చేప బతకాలంటే ఎంత అమ్మోనియా వదలనివ్వచ్చో అక్కణ్ణుంచి వెనక్కి లెక్క కట్టుకొస్తాం. 1990లో ఒహాయో ఇంకో అడుగు ముందుకేసి, నదిలో ఉండాల్సిన చేపలు, పురుగుల స్థితినే నిబంధనల్లో ప్రమాణంగా పెట్టింది. రసాయన పరీక్ష ఆ రోజు నీటి సంగతే చెబుతుంది. ఏటి అడుగున బతికే పురుగు నెలల సంగతి చెబుతుంది. నేను చూసిన నిబంధనల్లో ఇంతకన్నా తెలివైనది లేదు.

భోపాల్ గ్యాస్ దుర్ఘటన ఈ దేశ చట్టాన్నీ మార్చింది. ఏ ఫ్యాక్టరీ ఏటా ఎంత విషం వదులుతోందో ప్రజలకు తెలియాలనే 1986 చట్టం వెనుక ఆ రాత్రి చనిపోయినవాళ్లున్నారు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు దగ్గర నక్కవాగు ఫ్యాక్టరీల వ్యర్థాలతో ఏమైందో ఎరిగిన నాకు, ఆ చట్టం కింద వచ్చే పట్టికలు చూసినప్పుడల్లా మనసు భారమయ్యేది.

జీతం ప్రైవేటు కంపెనీలంత రాదు. బహిరంగ విచారణలో, మన యాసతో, కోపంగా ఉన్న ఊరి జనానికి లెక్కలు వివరించాల్సి ఉంటుంది. అయినా కయహోగాలో చేపలు తినడంపై ఉన్న ఆంక్షలను 2019లో సడలించారు. ఎన్నో వందలమంది పనికి దక్కిన ఫలితమది.

మీ ఊళ్లో కొత్త పర్మిట్ ముసాయిదా మీద ప్రకటన వస్తే చదవండి. అభిప్రాయం చెప్పడానికి కనీసం 30 రోజులుంటాయి, పౌరసత్వం అక్కర్లేదు. ముఖ్యమైన అభ్యంతరాలకు శాఖ జవాబివ్వాలి. ఒక ఉత్తరం రాయండి.