తాత కారుకు కొత్త ఇంజినా... పాతదే ఉంచాలా?

హైదరాబాద్‌ నుంచి సాగర్‌ రోడ్డు పట్టుకుని ముప్ఫై కిలోమీటర్లు వస్తే ఇబ్రహీంపట్నం. ఒకప్పుడు కుతుబ్‌షాహీల నాటి పెద్ద చెరువే ఆ ఊరికి గుర్తు. ఇప్పుడు రోడ్డు పొడవునా ఇంజినీరింగ్‌ కాలేజీలు, వెంచర్ల బోర్డులు, దుమ్ము లేపుకుంటూ పోయే టిప్పర్లు. అలాంటి ఊళ్లో ఓ ఇంటి వెనక రేకుల షెడ్డును ఊహించుకోండి. అందులో టార్పాలిన్‌ కింద 1972 నాటి అంబాసిడర్‌ మార్క్‌-2. తాత కొన్నది. తండ్రి పెళ్లి ఊరేగింపు జరిగింది అందులోనే. ఇప్పుడు మనవడి కన్ను దానిమీద పడింది.

‘ఇసుజు ఇంజిన్‌ ఏపిద్దాం నాయినా. ఏసీ పెట్టిద్దాం. రోజూ కాలేజీకి దీంట్లనే పోత’ అంటాడు కొడుకు.

‘మీ తాత కొన్నప్పుడు ఎట్లుందో అట్లనే ఉండాలె. ఒక్క స్క్రూ గూడ మార్చనియ్య’ అంటాడు తండ్రి.

పాత కారున్న ఏ ఇంట్లోనైనా ఈ పేచీ మామూలే. ఇంతకాలం అది ఇంట్లోవాళ్లు తేల్చుకునే సంగతి. ఇప్పుడు అందులో చట్టానికీ వాటా ఉంది.

నిజానికి కొడుకు వాదనలో పస లేకపోలేదు. ఇంగ్లండు మోరిస్‌ ఆక్స్‌ఫర్డ్‌ నమూనాతో హిందుస్థాన్‌ మోటార్స్‌ పశ్చిమబెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారుచేసిన కారిది. 1950ల చివర్లో రోడ్డెక్కింది మొదలు 2014లో తయారీ ఆగిపోయేదాకా పై ఆకారం పెద్దగా మారలేదు. లోపల మాత్రం మారుతూనే వచ్చింది. పెట్రోలుకు తోడు డీజిల్‌ ఇంజిన్‌ వచ్చింది. 1990ల్లో ఇసుజు 1800 సీసీ ఇంజిన్‌ వచ్చింది. స్టీరింగ్‌ పక్కనుండే హ్యాండ్‌గేరు పోయి ఫ్లోర్‌ గేరు వచ్చింది. తర్వాత ముందు చక్రాలకు డిస్క్‌ బ్రేకులూ చేరాయి. కంపెనీవాళ్లే ఇన్ని మార్చినప్పుడు మనం మారిస్తే తప్పేంటి? పైగా ఇసుజు ఇంజిన్‌ కూడా అంబాసిడర్‌దేనాయె!

కాకపోతే అది 1972 బండిలోకి ఊరికే దిగదు. ఇంజిన్‌ కూర్చునే చోట మౌంటింగులు మార్చి వెల్డింగ్‌ చేయాలి. ఫ్లోర్‌ గేరు కోసం అడుగు రేకు కోయాలి. హ్యాండ్‌గేరు రాడ్లు పీకేయాలి. రేపు మనసు మారితే కోసిన రేకును అతికించొచ్చు. అది మళ్లీ కంపెనీ రేకు మాత్రం కాదు.

ఇక చట్టం సంగతి. పాత బండ్ల కోసం కేంద్ర రవాణా శాఖ 2021 జులైలో విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్‌ జరిగి 50 ఏళ్లు దాటిన కార్లనూ ద్విచక్రవాహనాలనూ వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. బండి అసలు రూపంలో ఉండటం అందులో కీలకమైన షరతు. ఛాసిస్‌, బాడీ, ఇంజిన్‌... వీటిలో చెప్పుకోదగ్గ మార్పు చేస్తే ఆ హోదా దక్కదు. రాష్ట్రంలో ఇందుకోసం ఏర్పాటయ్యే కమిటీ బండిని చూసి సరేననాలి. కొత్తగా రిజిస్ట్రేషన్‌ చేయించుకుంటే ఫీజు 20 వేల రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆపైన రెన్యువల్‌కు 5 వేలు. కొత్త నంబర్లలో ‘వీఏ’ అన్న అక్షరాలుంటాయి. ఇదివరకే నంబరున్న బండికి దాన్నే అట్టిపెట్టుకోవచ్చు. అంటే, రాష్ట్రం ఏపీ నుంచి టీఎస్‌కీ, టీఎస్‌ నుంచి టీజీకీ మారినా తాత నాటి నంబరు ప్లేటు ఎప్పటిలా బంపరు మీదే ఉంటుందన్నమాట.

అయితే తండ్రి గెలిచినట్టేనా? ఇక్కడే ఉంది చిక్కు. వింటేజ్‌ బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో మాత్రమే రోడ్డెక్కాలి. ఆదివారం కుటుంబమంతా ఎక్కి నాగార్జునసాగర్‌ దాకా వెళ్లొస్తామంటే కుదరదు. పోనీ మామూలు రిజిస్ట్రేషన్‌తోనే కొనసాగిద్దామా అంటే, ఆర్‌సీని ఐదేళ్లకోసారి రెన్యువల్‌ చేయించుకోవాలి. అప్పుడు కూడా కొడుకుకు పూర్తి స్వేచ్ఛ ఉండదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన చట్ట సవరణ తర్వాత, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు! ఆమోదం పొందిన గ్యాస్‌ కిట్‌ లాంటివి అనుమతి తీసుకుని బిగించుకోవచ్చు. అదీ ఆర్‌సీలో రాయించుకున్నాకే.

కాబట్టి కారుకు ఏం చేయాలో ఆలోచించేముందు, ఆ కారుతో ఏం చేయాలో ఇంట్లోవాళ్లు తేల్చుకోవాలి. చూసుకోవడానికా, తిరగడానికా?

చూసుకోవడానికే అయితే అందుకు నిలువెత్తు నమూనా హైదరాబాద్‌లోనే ఉంది. చౌమహల్లా ప్యాలెస్‌లో అద్దాల వెనకున్న పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ సిల్వర్‌ ఘోస్ట్‌. ఆరో నిజాం మహబూబ్‌ అలీ పాషా ఆర్డరిచ్చిన కారది. అది చేతికి రాకముందే 1911లో ఆయన కన్నుమూశారు. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. దర్బారు వేడుకల కోసం చేయించిన ఆ కారు నాలుగు వందల మైళ్లు కూడా తిరగలేదంటారు. అది అలా మిగిలిందంటే అసలు కారణం తిరగకపోవడమే. మన షెడ్డులోని అంబాసిడర్‌కు అంత అదృష్టం ఉండదు. అది పెళ్లిళ్లకు తిరిగింది, ఆసుపత్రులకు తిరిగింది, ఎరువుల బస్తాలూ మోసింది.

మరో కొసన బహదూర్‌పురాలో సుధా కార్స్‌ మ్యూజియం ఉంది. అక్కడ సుధాకర్‌ యాదవ్‌ తుక్కుసామానుతో వంకాయ కారు, క్రికెట్‌ బ్యాట్‌ కారు చేసిపెట్టారు. వాటిని చూపించి ‘ఆయన చేస్తే లేనిది నేను చేస్తే తప్పా?’ అని కొడుకు అడగొచ్చు. కానీ తుక్కుతో కొత్తది చేయడం వేరు, నడుస్తున్న పాతదాన్ని కోయడం వేరు.

తిరగడానికే అనుకుంటే మధ్యేమార్గం ఉంది. పాత వాహనాల ప్రపంచ సమాఖ్య ఫీవా రూపొందించిన ట్యూరిన్‌ ఛార్టర్‌ చెప్పేదీ దాదాపు అదే. మార్పు తప్పనిసరైతే, అది మళ్లీ వెనక్కి తీసేయగలిగేలా ఉండాలి. ఏసీనే తీసుకోండి. పాత 1489 సీసీ ఇంజిన్‌కు కంప్రెసర్‌ తగిలిస్తే బండి మొరాయిస్తుంది, ఎండాకాలం రేడియేటర్‌ మరిగిపోతుంది. డైనమో ఇచ్చే కరెంటు బ్లోయర్‌కు చాలదు. దాని బదులు ఆల్టర్నేటర్‌ పెట్టాలి. అది బోల్టులతో బిగించేదే. విప్పిన డైనమోను నూనె రాసి గోనెసంచిలో చుట్టి అటక మీద పెడితే సరి. ఎప్పుడు కావాలంటే అప్పుడు బిగించొచ్చు. ఏసీ పైపుల కోసం బానెట్‌ వెనక రేకుకు కన్నాలు కొట్టడం మాత్రం అలాంటిది కాదు. మెకానిక్‌ ‘రెండు కన్నాలే కద సార్‌’ అంటాడు. ఆ రెండే వద్దు!

ఒక్క బ్రేకుల విషయంలో మాత్రం పట్టుదలకు పోకూడదు. టిప్పర్ల మధ్య పిల్లల్ని కూర్చోబెట్టుకుని వెళ్లే బండికి నాలుగు చక్రాల డ్రమ్ములు, లైనింగులు, సిలిండర్లు కొత్తగా చేయించాకే ఏసీ గురించి మాట్లాడాలి. సామాను కోసం రాణీగంజ్‌, పుత్లీబౌలి దుకాణాలు నాలుగైదు సార్లు తిరగాల్సి వస్తుంది. రంగు విషయంలోనూ తొందరొద్దు. కంపెనీ వేసిన పెయింటు బండి జీవితంలో ఒక్కసారే ఉంటుంది. గీరితే పోయినట్టే.

అన్నట్టు... తండ్రీకొడుకులు ఇంత వాదించుకునే ముందు ఆర్‌సీ తీసి చూడటం మంచిది. పెట్రోలు ధర భరించలేక పాత అంబాసిడర్లకు డీజిల్‌ ఇంజిన్‌ వేయించుకున్న కుటుంబాలున్నాయి. ‘ఒక్క స్క్రూ మార్చనియ్య’ అంటున్న నాన్నకే ఆ సంగతి గుర్తుండకపోవచ్చు. తాతే ఆ పని చేసుంటే తండ్రి కాపాడుతున్నది ‘అసలు’ కారు కాదు. వింటేజ్‌ దరఖాస్తుకు ముందు 1489 సీసీ పెట్రోలు ఇంజిన్‌ ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. బానెట్‌ ఎత్తి, ఇంజిన్‌ పక్కన పేరుకున్న గ్రీజు మీద కాస్త కిరసనాయిలు చల్లి గుడ్డతో తుడిస్తే నంబరు బయటపడుతుంది. ఆర్‌సీలో ఉన్న నంబరూ అదీ ఒకటేనా?